పని, పేరు, పెత్తనం: పల్లె మహిళకు ‘రైతు’ అనే మాట



నేటి ప్రసంగం ‘రైతు’ అనే మాట గురించి, పల్లెలో పొలం పని చేసే మహిళకు ఆ మాట ఏ మేరకు దక్కుతున్నదనే విషయం గురించి. రైతు అనగానే తెలుగువారి మనసులో మెదిలే బొమ్మ తలపాగా చుట్టుకుని, భుజాన నాగలి మోస్తూ కాడెద్దుల వెంట నడిచే పురుషుడిదే. బడి పుస్తకాల్లోనూ, గోడల మీది ప్రకటనల్లోనూ, సినిమాల్లోనూ ఆ బొమ్మే స్థిరపడిపోయింది. అదే పొలంలో నడుం వంచి నాటు వేసే మహిళను మాత్రం కూలి అనో, రైతు భార్య అనో, రైతు ఇంటి ఆడమనిషి అనో చెప్పడం లోకానికి అలవాటు. చేను ఒకటే, పంట ఒకటే, ఎండా వానా ఇద్దరికీ ఒకటే అయినా, పిలుపు దగ్గరికి వచ్చేసరికి ఒకరు రైతు అవుతున్నారు, మరొకరు ఆ రైతు తాలూకు మనిషి అవుతున్నారు.

ఇది పిలుపుతో ఆగిపోయే సంగతి అయితే దీనికోసం ఇంత సమయం వెచ్చించవలసిన పని లేదు. ఈ దేశంలో బ్యాంకు ఇచ్చే పంట రుణం, పంట నష్టపోయినప్పుడు అందే పరిహారం, ప్రభుత్వం జమచేసే పెట్టుబడి సాయం, వ్యవసాయ శాఖ ఇచ్చే శిక్షణ, చివరికి మరణానంతరం కుటుంబానికి అందవలసిన ఆదరువు కూడా ‘రైతు’ అని ఎవరిని గుర్తించారనే దాని మీదనే ఆధారపడి ఉన్నాయి. కనుక ఆ మాట ఎవరికి వర్తిస్తుందో తేల్చడమంటే, ఎవరికి హక్కు ఉన్నదో తేల్చడమే.

ఈ ప్రసంగ సారాంశం మూడు మాటల్లో ఇమిడిపోతుంది. అవి పని, పేరు, పెత్తనం. పొలంలో చేసే శ్రమ పని. కాగితం మీద ఉండే హక్కు పేరు. ఏ పంట వేయాలో, ఎప్పుడు అమ్మాలో, వచ్చిన డబ్బు దేనికి వాడాలో నిర్ణయించే అధికారం పెత్తనం. ఈ మూడూ కలిసినప్పుడే ఎవరైనా నిండైన అర్థంలో రైతు అవుతారు. పల్లె మహిళ విషయంలో జరిగినదేమిటంటే, ఈ మూడూ ఒకచోట కలవకుండా విడిపోయాయి. పని ఉన్నచోట పేరు లేదు, పేరు ఉన్నచోట పెత్తనం లేదు. శ్రోతలు ఈ ఒక్క వాక్యాన్ని గుర్తుంచుకుంటే, తక్కిన ప్రసంగమంతా దానికి వివరణే.

ముందుగా పని సంగతి చూడాలి. వరి నాటు వేసే మహిళ ఎడమచేతిలో నారు కట్ట పట్టుకుని, కుడిచేతి వేళ్లతో రెండు మూడు మొక్కలను విడదీసి, బొటనవేలి ఊతతో వాటి వేళ్లను బురదలోకి దించి, వెనుకకు అడుగు వేస్తూ, మళ్లీ వంగిన నడుం ఎత్తకుండానే పక్క మొక్కకు చోటు చూసుకుంటుంది. మరీ లోతుగా దించితే పిలక సరిగా రాదు. మరీ పైపైన గుచ్చితే నీటికి తేలిపోతుంది. ఈ లెక్క ఆమె వేళ్లకు తెలుసు. మోకాటిలోతు బురదలో పూట పూటంతా వంగి చేసే ఈ పని తెలుగునాట తరతరాలుగా స్త్రీలదే. కలుపు తీయడం కూడా దాదాపుగా స్త్రీలదే. పగిలిన కాయ అంచులు వేళ్లకు గుచ్చుకుంటుండగా పత్తి ఏరి ఒడిలో నింపేదీ, కళ్లు మండే ఘాటులో మిరపకాయలు కోసేదీ, రాయలసీమలో విత్తనానికి దాచిన వేరుశనగ కాయలను గోళ్లు నొప్పిపుట్టేలా ఒక్కొక్కటిగా ఒలిచేదీ ఎక్కువగా స్త్రీలే. పశువుకు మేత కోసుకురావడం, కుడితి పెట్టడం, పేడ ఎత్తడం, పాలు పితకడం అనే పనులన్నీ కలిపితేనే పాడి అవుతుంది. ఆ పాడి కూడా ఎక్కువ ఇళ్లలో ఆమె చేతి మీదనే నడుస్తుంది.

ఈ పనులన్నిటిలో విత్తనం దాచే పని గురించి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే అది కండబలంతో చేసే పని కాదు, తెలివితో చేసే పని. కోతకు ముందే ఆమె చేనంతా తిరిగి, గింజ నిండుగా పట్టిన కంకులను, చీడ సోకని మొక్కలను ఏరి గుర్తుపెట్టుకుంటుంది. వాటిని వేరుగా కోసి, వేరుగా నూర్చి, పంటి కింద కొరికితే టక్కుమనే దాకా ఎండబెడుతుంది. పేడా మట్టీ కలిపి అలికిన వెదురు గంపలో గింజల మధ్య బూడిదా వేపాకూ పొరలుగా వేసి, పైన గడ్డి కప్పి, మళ్లీ మట్టితో మూత వేస్తుంది. ఏ గింజ ఏ నేలకు సరిపడుతుందో, ఏది వాన వెనకబడినా తట్టుకుంటుందో, ఏది ముందుగా చేతికి వస్తుందో ఆమెకు తెలుసు. ఏ కొలతతో చూసినా ఇది వ్యవసాయ శాస్త్రమే. ఇంత తెలిసిన మనిషిని రైతు అనకుండా ‘సాయం చేసే మనిషి’ అనడం వాస్తవానికి విరుద్ధం.

పొలం పనికి తోడు ఇంటి పని ఉండనే ఉన్నది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశవ్యాప్తంగా ఒక సర్వే చేసింది. మనుషులు రోజులోని సమయాన్ని ఏయే పనులకు వెచ్చిస్తున్నారో తెలుసుకునే ఈ తరహా సర్వేను కాలవినియోగ సర్వే అంటారు. జీతం లేని ఇంటి పనికి, అది చేసే స్త్రీలు రోజుకు సగటున దాదాపు 5 గంటలు వెచ్చిస్తుండగా, పురుషులు గంటన్నరకు కొంచెం పైగా వెచ్చిస్తున్నారని అందులో తేలింది. అంటే పొలానికి వెళ్లే మహిళ దినం పొలంలో మొదలు కాదు, పొలంలో ముగియదు. అటు తెల్లవారుజామున, ఇటు దీపాలు పెట్టిన తర్వాత కూడా ఆమె పని సాగుతూనే ఉంటుంది.

ఇంత పని చేసే మనిషికి రైతు అనే మాట దక్కకపోవడానికి కారణాలు ముఖ్యంగా రెండు కనిపిస్తాయి. మొదటిది నాగలి. రెండవది పట్టా.

నాగలి సంగతి ఆచారానికి సంబంధించినది. ఆడది నాగలి పట్టకూడదనీ, పడితే అరిష్టమనీ, వానలు పడవనీ చాలా ప్రాంతాల్లో నమ్మకం ఉన్నది. వ్యవసాయంలోని అనేక పనుల్లో దున్నడం ఒకటి మాత్రమే. అయినా, ఆ ఒక్క పని చేసే చేతినే సాగుకు గుర్తుగా తీసుకుని తక్కిన పనులన్నిటినీ దాని కింద చేర్చడంతో, తక్కిన పనులు చేసే మనిషి కూడా వెనక్కి జరిగిపోయింది. ఇప్పుడు కాడెద్దులు తగ్గాయి. ట్రాక్టరు వచ్చి కొన్ని గంటల్లో దున్ని వెళ్లిపోతున్నది. పురుషుడు నాగలి దించేసినా రైతుగానే మిగిలాడు. మహిళ మాత్రం ఈనాటికీ చేతులతోనే కలుపు తీస్తూ, చేతులతోనే పత్తి ఏరుతూ ఉన్నా రైతు కాలేకపోయింది. నాగలి పోయినా నాగలి తెచ్చిన తేడా పోలేదు.

పట్టా సంగతి పరిపాలనకు సంబంధించినది. దీని మూలం తెలుసుకోవాలంటే రైత్వారీ పద్ధతిని గుర్తు చేసుకోవాలి. మధ్యలో జమీందారు లేకుండా, ప్రభుత్వం నేరుగా భూమి ఉన్నవాడి దగ్గరే శిస్తు వసూలు చేసే ఏర్పాటును రైత్వారీ అంటారు. దత్తమండలాలు, అంటే నేటి రాయలసీమలో ఎక్కువ భాగంతో పాటు బళ్లారి ప్రాంతం, 1800లో ఈస్టిండియా కంపెనీ పాలనలోకి వచ్చాయి. అప్పటి నుంచి 1807 వరకు అక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి, మడి మడికీ శిస్తు కట్టించాడు. తరువాత మద్రాసు గవర్నరుగా ఆయన ఈ పద్ధతికి మరింత స్థిరత్వం కల్పించాడు. శిస్తు వసూలు చేయాలంటే ప్రభుత్వానికి ఒక పేరు కావాలి. ఆ పేరు సాధారణంగా ఇంటి యజమానిదిగా నమోదైంది. ఇంటి యజమాని అంటే పురుషుడని లోకం ముందే అనుకున్నది. చేనిలో నలుగురు పనిచేసినా ప్రభుత్వ పుస్తకంలో ఒక్క పేరే నిలిచింది. శిస్తు కోసం రాసుకున్న పేరే కాలక్రమంలో హక్కుకు ఆధారమై, నేడు పట్టాదారు పాసుపుస్తకంగా రైతు ఇంట్లో కొలువై ఉన్నది.

శ్రోతలు గమనించవలసినది ఇదే. రైతు అనే మాటకు జనం ఇచ్చిన అర్థం వ్యవసాయం చేసే మనిషి అని. ప్రభుత్వ కచేరీ ఇచ్చిన అర్థం పట్టా ఉన్న మనిషి అని. పల్లె మహిళ మొదటి అర్థంలో నిస్సందేహంగా రైతే. రెండవ అర్థంలో మాత్రం చాలాసార్లు కాదు. హక్కులన్నీ రెండవ అర్థం వెంటే నడుస్తున్నాయి.

ఆ నడక ఎలా ఉంటుందో కొన్ని ఉదాహరణలతో చూడవచ్చు. 2019లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన కిసాన్ సమ్మాన్ నిధి కింద ఏడాదికి 6,000 రూపాయలు అందాలంటే భూమి రికార్డులో పేరు ఉండాలి. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు పెట్టుబడి సాయం పట్టాదారులకే అందింది. అదే ఏడాది మొదలైన రైతుబీమా కూడా పట్టాదారు మరణిస్తేనే వారి కుటుంబానికి 5 లక్షల రూపాయలు ఇచ్చే ఏర్పాటు. ఈ పథకాలు ఎన్నో కుటుంబాలను ఆదుకున్నాయనడంలో సందేహం లేదు. అయితే ఒక ఇంట్లో భార్యాభర్తలిద్దరూ ఒకే చేనులో ఒకే రకంగా కష్టపడుతున్నప్పుడు, పట్టా ఉన్న భర్త మరణిస్తే రైతు మరణించినట్లు లెక్క, పట్టా లేని భార్య మరణిస్తే రైతు మరణించినట్లు కాదు. కౌలుకు తీసుకుని సాగుచేసే కుటుంబాల్లోనైతే తరచుగా భర్తకే కాగితం ఉండదు, ఇక భార్య పేరు ఎక్కడ ఉంటుంది?

దీనికి అత్యంత బాధాకరమైన రూపం రైతు ఆత్మహత్యల లెక్కల్లో కనిపిస్తుంది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 421 సంఖ్య గల ఉత్తర్వు ద్వారా ఆత్మహత్య చేసుకున్న రైతుల కుటుంబాలకు సహాయం ప్రకటించింది. ఆ సహాయం అందాలంటే చనిపోయినది రైతేనని అధికారుల కమిటీ విచారించి నిర్ధారించాలి. ఆ నిర్ధారణలో భూమి కాగితాలకు, అప్పు పత్రాలకు పెద్ద పాత్ర ఉంటుంది. వ్యవసాయం చేస్తూ అప్పులపాలై ప్రాణం తీసుకున్న మహిళ పేరున భూమి లేకపోతే, ఆమె మరణం రైతు మరణంగా నమోదు కాక, గృహిణి మరణంగానో, కుటుంబ కలహాల వల్ల జరిగినదిగానో నమోదయ్యే ప్రమాదం ఎక్కువ. గ్రామీణ భారతం గురించి దశాబ్దాలుగా రాస్తున్న పాత్రికేయుడు పి. సాయినాథ్ ఈ లోపాన్ని పదేపదే ఎత్తి చూపారు. బతికి ఉండగా దక్కని మాట ఆమెకు చనిపోయాక కూడా దక్కడం లేదు.

అప్పు విషయంలో మరొక విడ్డూరం ఉన్నది. తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా పొదుపు సంఘాలు ఉన్నాయి. డ్వాక్రా సంఘాలని జనం పిలుచుకునేవి అవే. పదిమంది మహిళలు కలిసి కొంత కొంత పొదుపు చేసుకుని, ఒకరికొకరు హామీగా ఉంటూ బ్యాంకు నుంచి రుణం తీసుకునే ఏర్పాటు అది. ఎన్నో ఇళ్లలో ఆ రుణం విత్తనాలకూ ఎరువులకూ కూలి ఖర్చులకూ పోతుంది. వాయిదా కట్టవలసిన బాధ్యత ఆమెది. ఒక వాయిదా తప్పితే తోటి సభ్యుల ముందు మాట పడవలసినది ఆమే. సేద్యానికి తెచ్చిన అప్పు పుస్తకంలో ఆమె పేరు ఉంటుంది. ఆ సేద్యం జరిగే భూమి పుస్తకంలో మాత్రం ఉండదు. పని ఉన్నచోట పేరు లేకపోవడమంటే ఇదే.

భర్త చనిపోయిన తర్వాత ఈ లోటు మరింత స్పష్టమవుతుంది. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం వీలునామా రాయకుండా మరణించిన భర్త ఆస్తిలో భార్యకు, పిల్లలకు, తల్లికి సమాన భాగం ఉంటుంది. భూమి రికార్డులో చనిపోయినవారి పేరు తీసి వారసుల పేరు ఎక్కించడాన్ని తెలంగాణలో విరాసత్ అంటారు. చట్టంలో సులువుగా కనిపించే ఈ మార్పు ఊరిలో అంత సులువుగా జరగదు. బావగారో మరిదో అడ్డుపడవచ్చు. కొడుకు పేరున చేయిస్తే చాలదా అని పెద్దమనుషులే అనవచ్చు. కార్యాలయం చుట్టూ తిరగడానికి కూలి పని మానుకోవలసి రావచ్చు. అప్పుడు ఆమె వితంతు పింఛనుకు అర్హురాలిగా మాత్రం మిగులుతుంది. పింఛను అవసరమే. కాని పింఛను ఆమెను ఆదుకోవలసిన మనిషిగా చూస్తుంది. పట్టా ఆమెను సేద్యం చేసే మనిషిగా చూస్తుంది. ఆ రెండింటికీ చాలా దూరం ఉన్నది.

ఇంతవరకు పని ఉండి పేరు లేని స్థితిని చూశాం. పేరు ఉండి పెత్తనం లేని స్థితి ఇంకొకటి ఉన్నది. దానిని గురించి తక్కువగా మాట్లాడుకుంటారు. భారత వ్యవసాయ గణనలో కమతాలను ఎవరు సాగుచేస్తున్నారనే లెక్క ఉంటుంది. కమతమంటే ఒక ఇల్లు ఒకటిగా సాగుచేసుకునే భూమి అంతా. 2015–16 గణనలో దేశం మొత్తం మీద మహిళలు సాగుదారులుగా నమోదైన కమతాలు నూటికి సుమారు 14. ఇది చాలా తక్కువ. అయితే ఆ 14లో కూడా ఎందరు మహిళలు తమ భూమి గురించి తామే నిర్ణయాలు తీసుకుంటున్నారనేది వేరే ప్రశ్న. కోస్తా జిల్లాల్లో ఆడపిల్లకు కట్నంగానో, పసుపు కుంకుమల కిందనో పొలం రాసిచ్చే ఆనవాయితీ ఉన్నది. కాగితం ఆమె పేరున ఉంటుంది. కౌలుకు ఇచ్చేదీ, కౌలు డబ్బు తెచ్చుకునేదీ, అవసరమైతే అమ్మకానికి బేరం పెట్టేదీ భర్తో మామగారో అవుతారు. ఆమె వేలిముద్రకో సంతకానికో పిలిచినప్పుడు మాత్రమే ఆ భూమి తనదని ఆమెకు గుర్తుకు వస్తుంది.

చట్టం ఈ విషయంలో వెనకబడి లేదు. తెలుగునేల ఇందులో దేశానికి దారి చూపిందనే చెప్పాలి. ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో ఆంధ్రప్రదేశ్ హిందూ వారసత్వ చట్టానికి సవరణ తెచ్చి, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో పాటు కూతురికీ పుట్టుకతోనే సమాన హక్కు కల్పించింది. అది 1985 సెప్టెంబరు 5 నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికే పెళ్లయిన కూతుళ్లకు మాత్రం అది వర్తించలేదు. 20 ఏళ్ల తర్వాత, 2005లో, పార్లమెంటు కేంద్ర చట్టాన్నే సవరించి, పెళ్లయిన కూతురు, పెళ్లికాని కూతురు అనే తేడా లేకుండా దేశమంతటా ఆ హక్కును విస్తరించింది. సాగుభూముల వారసత్వాన్ని ఆయా రాష్ట్రాల భూచట్టాలకు వదిలిన పాత నిబంధనను కూడా ఆ సవరణే తొలగించింది. కూతురి హక్కు పుట్టుకతో వచ్చినదనీ, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అనే దానితో నిమిత్తం లేదనీ 2020లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది.

చట్టం ఇచ్చినది చేతికి అందుతున్నదా అంటే, తరచుగా అందడం లేదనే చెప్పాలి. అన్నదమ్ములు భూమి పంచుకునేటప్పుడు ఆడపడుచుల చేత హక్కు విడుదల పత్రం రాయించుకోవడం చాలా చోట్ల మామూలు తంతుగా మారింది. తన భాగాన్ని సోదరులకు వదులుకుంటున్నానని ఇచ్చే రిజిస్టరు పత్రమే హక్కు విడుదల. దానికి ఒప్పుకోని ఆడపడుచు పుట్టింటికి చెడ్డది అవుతుంది. పండుగకు పిలుపు రాదేమోనని, కష్టకాలంలో పుట్టింటి తలుపు మూసుకుపోతుందేమోనని ఆమె జంకుతుంది. అలా భయంతో పెట్టిన సంతకాన్ని ఇష్టంతో పెట్టిన సంతకంగా లోకం చెప్పుకుంటుంది. స్త్రీలకు భూమి హక్కు ఎందుకు ముఖ్యమో వివరిస్తూ 1994లో ఒక ప్రసిద్ధ గ్రంథం వెలువరించిన ఆర్థికవేత్త బీనా అగర్వాల్, చట్టంలో హక్కు ఉండటం వేరనీ, భూమి ఆమె చేతికి రావడం వేరనీ, వచ్చిన భూమి మీద అదుపు ఉండటం ఇంకా వేరనీ స్పష్టం చేశారు. తెలుగు పల్లెల అనుభవం ఆ మాటకు సాక్ష్యం చెబుతున్నది.

మరి పని, పేరు, పెత్తనం మూడూ కలిసిన చోట్లు లేవా? ఉన్నాయి. అటువంటి చోటు ఒకటి తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతం. పూర్వపు మెదక్ జిల్లాలో, ఇప్పటి సంగారెడ్డి జిల్లాలో ఉన్న ఆ మెట్ట పల్లెల్లో 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో మహిళలు ఊరూరా సంఘాలు కట్టుకున్నారు. వారిలో ఎక్కువమంది దళితులు. ఎక్కువమందికి ఉన్నది కొద్దిపాటి చెలక, అంటే నీటి వసతి లేని తేలికపాటి ఎర్రనేల. కొందరికి అదీ లేదు. బీళ్లుగా పడి ఉన్న భూములను సంఘాలు బాగుచేసి సాగులోకి తెచ్చాయి. కొన్నిచోట్ల మహిళలు కలిసి భూమి కౌలుకు తీసుకుని ఉమ్మడిగా పండించారు.

అక్కడి మహిళలు ఒకే చేనులో జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది, పెసర, అనుము వంటి ఎన్నో పంటలను కలిపి వేస్తారు. వాన సరిగా పడకపోతే అన్నీ పోవు, కొన్ని నిలుస్తాయి. మనిషికి గింజ, పశువుకు చొప్ప, నేలకు బలం ఒకే చేను నుంచి వస్తాయి. ఏ పంట ఎంత వేయాలో వారే నిర్ణయిస్తారు. విత్తనం అంగడిలో కొనరు, తమ గంపల్లోనిదే తీస్తారు. విత్తనం లేని ఇంటికి సంఘం విత్తనం ఇస్తుంది. పంట వచ్చాక ఆ ఇల్లు తీసుకున్నదానికి మరికొంత కలిపి సంఘానికి తిరిగి కొలుస్తుంది. ఏటా సంక్రాంతి రోజుల్లో అలంకరించిన ఎడ్లబండ్ల మీద ఆ విత్తనాలను ఊరూరా తిప్పుతూ పాత పంటల జాతర జరుపుతారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఇచ్చే ఈక్వేటర్ బహుమతి ఈ కృషికి లభించింది.

ఆకాశవాణి అలవాటైన శ్రోతలకు అక్కడి మరొక విషయం ప్రత్యేకంగా నచ్చుతుంది. 2008 అక్టోబరు 15న మాచనూరు గ్రామంలో ఆ మహిళలు తమ సొంత సంఘం రేడియోను ప్రారంభించారు. ఒక ప్రాంతపు ప్రజలే తమ కోసం తామే నడుపుకునే ఇటువంటి కేంద్రాన్ని సామాజిక రేడియో అంటారు. అక్టోబరు 15వ తేదీని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ గ్రామీణ మహిళా దినంగా మొదటిసారి పాటించినది కూడా ఆ ఏడాదే. వ్యవసాయం గురించి ఇతరులు చెప్పగా వినవలసినవారని లోకం అనుకున్న మహిళలు, వ్యవసాయం గురించి తామే చెప్పేవారయ్యారు. తెలిసినది నలుగురికి చెప్పగలగడం కూడా పెత్తనంలో ఒక భాగమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి సాగుతున్న ప్రకృతి వ్యవసాయ కార్యక్రమం కూడా ఈ సందర్భంలో చెప్పుకోదగినది. రసాయన ఎరువులు, పురుగుమందులు లేకుండా పేడ, మూత్రం, ఆకులు, బెల్లం, పప్పుల పిండి వంటివాటితో నేలను బాగుచేసుకునే పద్ధతి అది. పొదుపు సంఘాల మహిళలు దానికి వెన్నెముకగా నిలిచారు. తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద పొరలుగా పట్టించి, ఆరబెట్టి, పొడినేలలో చల్లే పని అనేక ఊళ్లలో మహిళల చేతుల మీదుగానే జరుగుతున్నది. తాము నేర్చుకున్నది తోటి రైతులకు నేర్పే స్థానంలో కూడా ఎందరో మహిళలు ఉన్నారు. 2024లో ఈ కార్యక్రమం పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని పంచుకున్నది. మహిళను రైతుగా గుర్తించడం ఆమెకు చేసే ఉపకారం కాదని, వ్యవసాయానికే మేలు అని ఈ రెండు అనుభవాలూ రుజువు చేస్తున్నాయి.

ఇప్పుడు మళ్లీ ‘రైతు’ అనే మాటకు వద్దాం. ఆ మాటకు విశాలమైన అర్థం ఇవ్వడం సాధ్యమా అని ఎవరికైనా సందేహం కలిగితే, ఈ దేశం ఆ అర్థాన్ని ఇదివరకే కాగితం మీద రాసుకున్నదని గుర్తు చేయాలి. ఎం.ఎస్. స్వామినాథన్ అధ్యక్షత వహించిన జాతీయ రైతు కమిషన్ సిఫారసుల ఆధారంగా 2007లో వెలువడిన జాతీయ రైతు విధానం, భూమి ఉన్నవారినే కాక కౌలుదారులను, వ్యవసాయ కూలీలను, పశుపోషకులను, మత్స్యకారులను, తేనెటీగలు పెంచేవారిని, పోడు సేద్యం చేసే ఆదివాసులను కూడా రైతు అనే మాట కిందికి తెచ్చింది. ఆ తర్వాత స్వామినాథన్ రాజ్యసభ సభ్యుడిగా మహిళా రైతుల హక్కుల కోసం ఒక ప్రైవేటు బిల్లు ప్రవేశపెట్టారు. ప్రభుత్వం కాక ఒక సభ్యుడు తనంతట తాను ప్రతిపాదించే బిల్లును ప్రైవేటు బిల్లు అంటారు. సేద్యం చేసే మహిళకు భూమి ఉన్నా లేకపోయినా, గ్రామసభ ఆమోదంతో ఆమె రైతేనని ధ్రువపత్రం ఇవ్వాలనేది అందులోని కీలకాంశం. ఆ బిల్లు చట్టం కాలేదు. కాని ఆ ఆలోచన పాతబడలేదు. ఎవరు పొలం పని చేస్తున్నారో ఊరికి తెలిసినంతగా ఏ కార్యాలయానికీ తెలియదు కనుక, ఆ మాట చెప్పవలసినది ఊరే.

ఉమ్మడి పట్టా కూడా కొత్త ఊహ కాదు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం, అడవి భూమి సాగుచేసుకునే వివాహితులకు ఇచ్చే హక్కు పత్రంలో భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉండాలని స్పష్టంగా నిర్దేశించింది. అడవిలో పోడు చేసుకునే ఆదివాసీ మహిళకు చట్టం ఇచ్చిన గౌరవం, మైదానంలో మాగాణి చేసే మహిళకు ఎందుకు ఉండకూడదు?

లెక్క అడిగే తీరు మారితే లోకం కళ్లకు కనిపించేది కూడా మారుతుందనడానికి ఒక మంచి ఉదాహరణ ఉన్నది. 1991 జనగణనలో, గత ఏడాదిలో ఏమైనా పని చేశారా అనే ప్రశ్నకు, సొంత పొలంలో గానీ కుటుంబ వృత్తిలో గానీ జీతం లేకుండా చేసిన పనిని కూడా కలిపి చెప్పాలనే మాటను కొత్తగా చేర్చారు. ఏ పనీ లేదు, ఇంట్లోనే ఉంటుంది అని చెప్పే అలవాటును సరిదిద్దడానికే ఆ మార్పు చేశారు. ప్రశ్నలో ఒక మాట చేరితే, లెక్కలో మనిషి చేరుతుంది.

ఈ ప్రసంగం ముగిసేలోగా ముఖ్యమైన మాటను మరొకసారి చెప్పుకోవాలి. పని, పేరు, పెత్తనం. పల్లె మహిళకు పని ఎప్పుడూ ఉన్నది. పేరు రావాలంటే భూమి కాగితంలో ఆమె చేరాలి. భూమి లేని ఇంట్లోనైతే కౌలు పత్రంలో, పంట నమోదులో, ఆంధ్రప్రదేశ్‌లో ఈ-క్రాప్ అని పిలిచే జాబితాలో ఆమె పేరు కూడా ఉండేలా చూడాలి. పెత్తనం రావాలంటే విత్తనం కొనేటప్పుడు, పంట అమ్మేటప్పుడు, వ్యవసాయ అధికారి ఊరికి వచ్చినప్పుడు ఆమె మాట వినాలి. ప్రభుత్వాలు చేయవలసినవి ప్రభుత్వాలు చేయాలి. అయితే కొన్ని పనులకు ఏ ఉత్తర్వు కోసమూ ఎదురుచూడవలసిన అవసరం లేదు. కొత్తగా భూమి కొనే భార్యాభర్తలు ఇద్దరి పేర్ల మీదా రిజిస్టరు చేయించుకోవచ్చు. పంపకాలకు కూర్చున్న అన్నదమ్ములు అక్కచెల్లెళ్ల ముందు విడుదల పత్రం పెట్టడానికి బదులు వారి భాగం ఎంతో చెప్పవచ్చు. గ్రామసభలో మహిళలు తమను తాము రైతులుగా పరిచయం చేసుకోవచ్చు.

2026 సంవత్సరాన్ని ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ మహిళా రైతు సంవత్సరంగా ప్రకటించింది. ఆ వెంటనే 2027లో భారతదేశంలో జనగణన జరగనున్నది. లెక్క రాసుకునేవారు గడప ముందు నిలబడి, ఈ ఇంట్లో ఎవరెవరు ఏ పని చేస్తారని అడుగుతారు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పేది భర్త కావచ్చు, కొడుకు కావచ్చు, అత్తగారు కావచ్చు, ఆమే కావచ్చు. ఎవరు చెప్పినా చెప్పవలసినది ఒక్కటే. నాటు వేసి, కలుపు తీసి, పాలు పితికి, విత్తనం దాచే ఈ మనిషి వ్యవసాయం చేస్తున్నదని, ఈమె రైతు అని, అలాగే రాసుకోండని గట్టిగా చెప్పాలి. రాసుకున్న తర్వాత సరిగా రాశారో లేదో అడిగి తెలుసుకోవాలి కూడా.